ఊళ్లో జనం తగ్గుతుంటే ముందు నల్లా లైన్ చూడండి

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో చాలాకాలం నల్లా లైన్లు చూసుకున్నాను. 2001 జనాభా లెక్కల్లో మా ఊరు తొంభై వేలకు కాస్త తక్కువ, 2011లోనూ అంతే. బొగ్గు గనుల్లో, పేపర్ మిల్లులో పని కోసం వచ్చిన మన తెలుగువాళ్ల మనవలు ఇప్పుడు నాగ్‌పూర్‌కో హైదరాబాద్‌కో పోతున్నారు. డీపీ ప్లాన్లు (ఊరి అభివృద్ధి ప్రణాళికలు) మాత్రం జనం పెరుగుతారనే లెక్కతోనే తయారవుతాయి.

ముందు ఖాళీ ఇళ్లు లెక్కపెట్టండి. ఘర్‌పట్టీ (ఇంటి పన్ను) రిజిస్టర్ నమ్ముకోకండి, తాళం వేసిన ఇంటికీ పన్ను కడతారు. దీపాలు పెట్టే వేళ గల్లీల్లో తిరిగి, చీకటిగా ఉన్న ఇళ్లను కాగితం మీద గుర్తు పెట్టండి. పెళ్లికి పోయారా, ఊరే వదిలారా అన్నది పక్కింటివాళ్లు చెప్తారు. తులసి ఎండిపోయి ఉంటే అడగక్కర్లేదు.

తర్వాత నీళ్లు. అందరూ పార్కులు, సైకిల్ ట్రాక్‌లు అంటారు గానీ, జనం తగ్గితే మొదట దెబ్బ తగిలేది పైపుకే. వంద ఇళ్లకని వేసిన లైన్‌ను ముప్ఫై ఇళ్లే వాడితే నీళ్లు లోపలే నిలిచిపోతాయి. క్లోరిన్ పోతుంది, తుప్పు అడుక్కి చేరుతుంది, చివరి నల్లాలో ఎర్రనీళ్లు వస్తాయి. డ్రైనేజీలో పారుదల లేక మడ్డి పేరుకుంటుంది. 1990 తర్వాత తూర్పు జర్మనీ ఊళ్లలో ఇదే జరిగి, లైన్లు కడగడానికే మంచినీళ్లు వదలాల్సి వచ్చింది. అందుకే లైన్ చివర వాష్‌అవుట్ వాల్వ్ (పైపులో నిలిచిన నీళ్లు బయటికి వదిలేది) తిప్పి, నీళ్లు తేటపడేదాకా వదలండి. ఆఖరి నల్లా నీళ్లు క్లోరోస్కోపులో (క్లోరిన్ కొలిచే చిన్న పరికరం) పట్టి ఓటీ చుక్కలు వేయండి, క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. పసుపు రంగే రాకపోతే ఆ నీళ్లు తాగనివ్వకండి. పైపు మార్చేటప్పుడు ఇప్పుడున్న ఇళ్లకు సరిపడే సైజే వేయండి. లోపల గల్లీలు ఖాళీ అవుతుంటే ఊరి బయట లేఔట్‌కు కొత్త లైన్ లాగడం నా లెక్కలో శుద్ధ దండగ.

జనాన్ని ఒకచోటికి చేర్చడం ఓపికతో చేసే పని. జపాన్‌లో యూబరి కూడా బొగ్గు ఊరే. 1960లో లక్ష దాటిన జనాభా గనులు మూతపడ్డాక కరిగిపోయి, 2007లో ఊరు దివాలా తీసింది. అక్కడ సగం ఖాళీ అయిన క్వార్టర్లలో ఉన్నవాళ్లతో మాట్లాడి, కొన్ని బ్లాకుల్లోకే చేర్చారు. నల్లా బంద్ చేసి వెళ్లగొట్టడం మాత్రం పాపం. ఒక్క ముసలమ్మ మిగిలినా లైన్ ఉండాల్సిందే.

ఖాళీ ప్లాట్ల సంగతికొస్తే, అమెరికాలోని డెట్రాయిట్‌లో 100 డాలర్లకే పక్కింటివాళ్లకు ఇచ్చేస్తున్నారు. మన దగ్గర అమ్మకం కుదరకపోతే యజమానితో ఏటేటా కాగితం రాసుకుని కూరగాయలు వేసుకోవచ్చు.

డీపీ ముసాయిదా బయటికి రాగానే, గడువులోగా ఇదంతా సూచనగా ఇవ్వండి. మరాఠీలో రాయించండి, ఖాళీ ఇళ్ల మ్యాపు జత చేయండి, పోచ్ (అందినట్టు రసీదు) తీసుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.