పెద్ద బిల్డింగులకి వేడినీళ్లు, 4వ పాఠం: రిటర్న్ పైపు ఎక్కడ కలపాలి

పోయినసారి లెక్క చేశారు కదా, రోజుకి 10,000 లీటర్లు, 25 డిగ్రీల నీళ్లు 60కి వేడెక్కాలి, లీటరుకి డిగ్రీకి 1.163 వాట్ అవర్ చొప్పున సుమారు 407 యూనిట్ల వేడి కావాలి. హీట్ పంప్ (బయటి గాలిలో వేడిని లాగి నీళ్లకిచ్చే మిషను) సీఓపీ, అంటే ఒక యూనిట్ కరెంటుకి అది ఇచ్చే వేడి, 3 యూనిట్లు అనుకుంటే కరెంటు 136 యూనిట్లు. ఇందులో ఒకటి మర్చిపోయాం, సర్క్యులేషన్ లైను.

పై అంతస్తులో కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని పైపుల్లో నీళ్లు పగలూ రాత్రీ తిప్పుతూనే ఉంటాం, ఎవరూ వాడకపోయినా అవి చల్లారుతూనే ఉంటాయి. నిమిషానికి 40 లీటర్లు 60తో వెళ్లి 58తో వెనక్కొచ్చాయనుకోండి, రెండు డిగ్రీలేగా అనిపిస్తుంది, వేసి చూడండి మరి: గంటకి 2,400 లీటర్లు, 5.6 కిలోవాట్లు, రోజుకి 134 యూనిట్ల వేడి. అంటే స్నానాలకి పెట్టే వేడిలో మూడో వంతంత పైపులే తాగేస్తున్నాయి!

ఇప్పుడు ట్యాంకుల వరస. చన్నీళ్లు ముందు సోలార్ ట్యాంకు అడుక్కి వెళ్లాలి, ఎందుకంటే నీళ్లు ఎంత చల్లగా ఉంటే కలెక్టర్ (ఎండ వేడిని పట్టే సోలార్ పలక) అంత బాగా వేడి లాగుతుంది. పైకి తేలిన గోరువెచ్చని నీళ్లు అక్కణ్ణుంచి హీట్ పంప్ ట్యాంకుకి, అక్కడ 60 పట్టాక కుళాయిలకి. ఈ 60 దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు, 20 నుంచి 45 మధ్య న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, సోలార్ ట్యాంకు చాలాసార్లు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. రిటర్న్, అంటే పైపుల్లో తిరిగి వెనక్కొచ్చే నీళ్లు, కూడా 50కి తగ్గనివ్వకండి.

మరి ఆ రిటర్న్ ఎక్కడ కలపాలి? ఎండ ఫ్రీయే కదా అని మొదట్లో నేను సోలార్ ట్యాంకు అడుక్కే కలిపా. 58 డిగ్రీల నీళ్లు కిందకొచ్చి పడేసరికి చల్లని పొర మొత్తం కలిసిపోయింది, మిట్టమధ్యాహ్నం కలెక్టర్ పంపు ఆగిపోయి కూర్చుంది, పాపం దానికి వేడి చెయ్యడానికి చల్లనీళ్లే లేవు! హీట్ పంప్ ట్యాంకు అడుక్కి కలిపినా ఇదే గొడవ, హీట్ పంపులోకి వేడినీళ్లు వెళ్తే సీఓపీ పడిపోతుంది. అందుకే హీట్ పంప్ ట్యాంకు తర్వాత ఇంకో చిన్న ట్యాంకు పెట్టి, రిటర్న్ దాంట్లోనే కలిపి, ఆ 5.6 కిలోవాట్లకి సరిపడా హీటరో చిన్న హీట్ పంపో దానికి విడిగా ఇస్తే హాయి.

హోంవర్క్: ఎవరూ వాడని టైములో, తెల్లవారుజామున 3 అప్పుడు, సప్లై పైపుకీ రిటర్న్ పైపుకీ ఇన్సులేషన్ కింద చెరో థర్మామీటర్ టేపుతో అంటించి తేడా రాసుకోండి. వచ్చే పాఠం మొత్తం ఆ అంకెతోనే పని.