ఫ్రెంచ్ జనరల్ కెరీర్ ఎలా చదవాలి? పెతాన్‌తో ట్రై చేద్దాం

మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫ్రెంచ్ జనరల్ గురించి చదివేటప్పుడు ముందు ర్యాంకు చూసి మోసపోకండి, అప్పట్లో రెండు స్టార్లంటే బ్రిగేడ్ జనరల్, మూడంటే డివిజన్ జనరల్, దానిపైన రెగ్యులర్ ర్యాంకే లేదు (మార్షల్ అంటే బిరుదు లాంటిది), అందుకే చేతికింద ఎంత సైన్యం ఉందో అదే చూడాలి.

ఫ్రెంచ్ సైన్యాధికారి ఫిలిప్ పెతాన్‌నే తీసుకోండి, 1914 ఆగస్టులో 58 ఏళ్ల కల్నల్, రేపోమాపో రిటైర్ అవ్వాల్సినోడు, 1915లో ఒక ఆర్మీకి (మొత్తం సైన్యంలో ఒక పెద్ద భాగం), 1917 మేలో మొత్తం సైన్యానికే కమాండర్ ఇన్ చీఫ్!

తర్వాత, ఎవర్ని తీసేస్తే ఈయన వచ్చాడో వెతకండి. ఇక్కడ అంతకుముందు కమాండర్ ఇన్ చీఫ్‌గా ఉన్న నివెల్, 1917 ఏప్రిల్‌లో ఆయన చేయించిన దాడి ఫెయిలై సైనికులు ఎదురుతిరిగారు. 1914లో అప్పటి కమాండర్ ఇన్ చీఫ్ జోఫ్ర్ అయితే పనికిరారనుకున్న జనరల్స్‌ని యుద్ధరంగానికి దూరంగా ఉన్న లిమోజ్ అనే ఊరి వైపు పంపేశాడు, ఇప్పటికీ ఫ్రెంచ్‌లో ఊస్టింగ్‌ని 'లిమోజే' అనే అంటారు.

1918తో ఆపేయకండి, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ జర్మనీతో చేతులు కలిపినందుకు 1945లో ఇదే పెతాన్‌కి దేశద్రోహం కేసులో మరణశిక్ష పడింది, దాన్ని యావజ్జీవంగా మార్చారు.