ఎక్స్‌ (పాత ట్విటర్)లో రీసెర్చ్ మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

ప్రాజెక్టు రిపోర్టుల గడువు దగ్గరపడుతోంది కదా, సెర్చ్ బాక్సు తెరిచే ముందు ఇవి చూసుకోండి.

• ‘టాప్’ ట్యాబ్ చూసి నిర్ణయానికి రాకండి. అది అల్గారిథమ్ ఏరి చూపించేది. ‘లేటెస్ట్’కి మారండి. అక్కడా డిలీట్ చేసినవి, ప్రైవేటు ఖాతాలవి రావు. అందుకే, ఏమీ దొరకలేదని "దీని గురించి ఎవరూ మాట్లాడలేదు" అని రాసేయకండి. రిపోర్టు మొత్తం కూలేది ఇక్కడే.

• ఏ తేదీ వరకు పోస్టులు కావాలో సెర్చ్‌కి చెప్పే ‘అన్‌టిల్’ (until:) దగ్గర ఇచ్చిన తేదీ లెక్కలోకి రాదు. జనవరి 31 వరకు కావాలంటే ఫిబ్రవరి 1 ఇవ్వాలి.

• తెలుగు పదాన్ని ఒకే రూపంలో వెతికితే సగం జారిపోతాయి. ఎన్నిక, ఎన్నికలు, ఎన్నికల్లో... అన్నీ ఇవ్వండి, వీటిలో ఏది ఉన్నా చూపించేలా మధ్యలో ‘OR’ పెట్టండి (ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే). మనవాళ్లు ఇంగ్లిష్ లిపిలో తెలుగు తెగ రాస్తారు, ఆ స్పెల్లింగులూ కలపండి. భాష ఫిల్టర్‌ను నమ్ముకుంటే అలాంటివి తప్పిపోవచ్చు.

• దొరికిన వెంటనే లింకు, స్క్రీన్‌షాట్, చూసిన తేదీ దాచుకోండి. రేపటికి ఆ పోస్టు ఉంటుందన్న గ్యారంటీ లేదు.

• పాత గైడ్లు చూసి టూల్స్ ఎంచుకోకండి. సోషల్ మీడియా పోస్టులు ఎంతగా వ్యాపిస్తున్నాయో చూపించే టూల్‌గా చాలామంది చెప్పే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులోనే మూసేసింది.