మొక్కు పేరు పెట్టేటప్పుడు: పెంచలయ్య, మాలకొండయ్య

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రెండు పేర్లూ నరసింహస్వామివే. రాపూరు దగ్గరి పెంచలకోనలో స్వామి చెంచులక్ష్మిని పెనవేసుకుని శిలగా వెలిశాడని స్థలపురాణం. ఆ పెనుశిలే వాడుకలో పెంచల అయింది. స్వామి వెలసిన మరో కొండ మాలకొండ, దానికి సంస్కృతంలో మాల్యాద్రి అని పేరు. ఆడపిల్లలకైతే పెంచలమ్మ, మాలకొండమ్మ. కొడుకును 'నారాయణా' అని పిలిచి తరించిన అజామిళుడి కథ తెలిసిందే కదా, బిడ్డకు దేవుడి పేరు పెట్టడంలో ఉన్న నమ్మకం అదే. అందుకే ముద్దుపేరు ఎన్ని ఉన్నా, ఇంట్లో ఒక్కరైనా పూర్తి పేరుతో పిలుస్తుండాలి.

పేరు మొదటి అక్షరం పుట్టిన నక్షత్రం, పాదాన్ని బట్టి చూస్తారు కనుక, ముందుగా బిడ్డ పుట్టిన సమయం నిమిషాలతో సహా రాసిపెట్టుకోండి. నక్షత్రం సుమారు ఒక రోజు ఉంటుంది. దానికి నాలుగు పాదాలు, ఒక్కో పాదం దాదాపు ఆరు గంటలు. పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. క్యాలెండర్ గడిలో కనిపించిన నక్షత్రాన్నే తీసుకుంటారు, అది మధ్యాహ్నానికే వెళ్లిపోయి ఉండొచ్చు. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డకు ఆసుపత్రి కాగితంలో తేదీ మారిపోతుంది, పంచాంగంలో మాత్రం సూర్యోదయం దాకా ముందు రోజే. పక్కన రాసిన ముగింపు సమయం చూడకుండా నక్షత్రం తేల్చకండి.

చిత్త నక్షత్రానికి నాలుగు పాదాల అక్షరాలు వరసగా పే, పో, రా, రీ. మొదటి పాదంలో పుడితే పెంచలయ్య చక్కగా కుదురుతుంది, హ్రస్వమైనా చెల్లుతుంది. మూడో పాదమైతే రంగనాయకులు. మఖకు మా, మీ, మూ, మే కనుక మొదటి పాదానికి మాల్యాద్రి. మృగశిర మూడో పాదం 'కా', జొన్నవాడ అమ్మవారి పేరు కామాక్షి దానికి సరిపోతుంది. అక్షరం కలవలేదని మొక్కు పేరు వదులుకోవద్దు. నక్షత్రనామం వేరు, వ్యవహారనామం వేరు, రెండూ పెట్టుకోవచ్చు. స్వాతి అక్షరాలు రూ, రే, రో, తా. వాటిలో పెంచల రాదు. కానీ స్వాతి స్వామివారి జన్మనక్షత్రమే, ఆ బిడ్డకు ఆయన పేరు పెట్టడానికి ఇంకేం కావాలి?

పదకొండో రోజు పురిటిశుద్ధి అయ్యాక, కంచంలో పొడి బియ్యం వేలి మందాన పరిచి తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. పలచగా పోస్తే గింజలు జారి అక్షరం చెదిరిపోతుంది. తర్వాత బిడ్డ కుడి చెవిలో మూడుసార్లు పూర్తి పేరు చెప్పాలి. పుట్టువెంట్రుకలు మాలకొండలో తీయిస్తామని మొక్కుకుంటే శనివారమే వెళ్లాలి, మిగతా రోజుల్లో గుడి తలుపులు తెరవరు.

జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు ఖాయం కాకపోతే ఆ గడి ఖాళీగా ఉంచి, ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఆసుపత్రి గుమ్మంలో తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. ఇంగ్లీషు అక్షరాల్లో 'అయ్య'ను కొందరు ఏ, ఐ, ఏ, హెచ్ అనీ, కొందరు రెండు వైలతోనూ రాస్తారు. ఏదో ఒకటి ఎంచుకుని జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు మూడింటిలోనూ అదే రాయించండి. పదో తరగతి ధ్రువపత్రం వచ్చాక దిద్దించుకోవడం కష్టం.