వానాకాలానికి ముందు: ఊరి వాగుపై పాత రైలు వంతెన దగ్గర జాగ్రత్తలు

వాగుపై పాత గర్డర్ (ఇనుప దూలాల) రైలు వంతెన ఉన్న ఊళ్లవారు వానలు మొదలయ్యేలోపే కొన్ని సంగతులు ఇంట్లో పిల్లలతో సహా మాట్లాడుకోవడం అవసరం. వాగు పొంగి కాజ్‌వే మునిగిన రోజున అవతలి ఒడ్డుకు చేరడానికి అందరికీ ముందు తోచేది రైలు వంతెనే.

గర్డర్ వంతెనపై కంకర ఉండదు. స్లీపర్ల సందుల్లోంచి కింద పారే వరదను చూస్తూ అడుగు వేస్తే కళ్లు తిరుగుతాయి, తడిసిన ఇనుము జారుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు 200 మీటర్ల వంతెనను ఏడెనిమిది సెకన్లలో దాటేస్తుంది. చూసుకుంటూ నడిచే మనిషికి నిమిషాలు పడుతుంది, పైగా నీటి హోరులో హారన్ వినబడదు. పొడవైన వంతెనల పక్కన అక్కడక్కడా ఉండే చిన్న అరుగులు సిబ్బంది తప్పుకోవడానికి కట్టినవి కాబట్టి వాటిని నమ్ముకుని ఎవరూ బయలుదేరకూడదు. ఇలా పట్టాలపైకి వెళ్లడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. జరిమానా వెయ్యి రూపాయల లోపే కనుక దానికి భయపడేవారు తక్కువ.

వరద తీశాక కూడా స్తంభాల దగ్గర ఈతకు, చేపలకు దిగవద్దు. ప్రవాహం స్తంభం మొదట్లో ఇసుకను లోతుగా కోసి, ఉధృతి తగ్గాక ఆ గుంటను మెత్తటి ఒండ్రుతో నింపుతుంది. పైకి గట్టిగా కనిపించినా కాలు దిగబడుతుంది. అక్కడ ఇసుక తవ్వేవారు పునాదికి రక్షణగా ఉన్నదాన్నే తోడేస్తున్నారు.

అసలు ముప్పు ఒక్కోసారి ఎగువనుంచి వస్తుంది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర వరద పోటెత్తి చిన్న వంతెన వద్ద రైలు కట్టను కోసేయగా, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న డెల్టా ప్యాసింజర్ పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. అందువల్ల ఎగువ చెరువు అలుగు మితిమీరి పారుతున్నా, చెరువు కట్టకు గండి పడినా, స్తంభంపై గీసిన ప్రమాద గీతను నీరు తాకినా వెంటనే దగ్గరి గేట్‌మన్‌కో, స్టేషన్ మాస్టర్‌కో, 139 నంబరుకో చెప్పాలి. పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి కనబడితే, రైలు వచ్చే దిక్కుగా వీలైనంత దూరం, కనీసం కిలోమీటరు, పట్టాల పక్కనుంచే వెళ్లి, పగలైతే ఎర్రగుడ్డను, రాత్రయితే చేతిలో ఉన్న ఏ దీపాన్నయినా అటూ ఇటూ జోరుగా ఊపాలి.