దోరు లోయలో ద్రాక్ష కోతల వేళ సైకిల్ యాత్ర: బయల్దేరే ముందు జాగ్రత్తలు

పోర్చుగల్ ఉత్తరాన ఉన్న దోరు నది లోయకు (మ్యాపుల్లో డౌరో అని కనిపించేది ఇదే) రోడ్ సైకిల్ వేసుకుని వెళ్లేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. ద్రాక్ష కోతలు, అక్కడివాళ్ల మాటలో విండిమా, జరిగేది అప్పుడే. ఎండ, ట్రాక్టర్లు, జారుడు రోడ్డు ఒకేసారి కలిసొచ్చేదీ అప్పుడే. చాలామంది ఎక్కుడుకు భయపడి నెలల తరబడి కాళ్లకు సాధన చేసి వస్తారు. ఎక్కుడు మహా అయితే ఏం చేస్తుంది? దిగి నెట్టుకుంటూ పోతాం. అసలు దెబ్బ తగిలేది దిగుడులో, ఆ తర్వాత మధ్యాహ్నం పూట నది అంచున.

ఎండ లెక్క

1,415 మీటర్ల ఎత్తున్న మరావ్ కొండలు అట్లాంటిక్ తేమను పడమటే ఆపేస్తాయి. లోయ లోపలికి పోయేకొద్దీ వాన తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు అక్కడ వింతేం కాదు. ‘తొమ్మిది నెలలు ఇన్వెర్ను, మూడు నెలలు ఇన్ఫెర్ను’ అని అక్కడి సామెత. మొదటిది చలికాలం, రెండోది నరకం.

గడియారాన్ని నమ్మి మోసపోయేవాళ్లు ఎక్కువ. గడియారాలను ఒక గంట ముందుకు జరిపే ‘వేసవి సమయం’ అమల్లో ఉన్నన్నాళ్లూ ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుకు కాదు, ఒంటిగంటన్నర ప్రాంతంలో. కాబట్టి వేడి ముదిరేది సాయంత్రం నాలుగు, ఐదు మధ్య. పైగా పగలంతా వేడెక్కిన పలకరాతి గోడలు పొద్దు వాలాక కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. ‘మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి బయల్దేరదాం’ అనే పథకం ఇక్కడ పనిచెయ్యదు. ఆగస్టు మధ్యలో తెల్లవారేది 6:45కి, సెప్టెంబరు మూడో వారానికి 7:15 దాటాక. వెలుగు రాగానే కదిలి, ఒంటిగంటకల్లా సైకిల్ ఆపేసేలా దూరం పెట్టుకోండి.

ఏ ఒడ్డు ముందు అన్నదీ చూసుకోవాలి. ఉత్తరపు ఒడ్డు కొండలు దక్షిణానికి ఎదురుగా ఉంటాయి, ఎండంతా వాటి మీదే. నది ఒడ్డునున్న పిన్యావ్ ఊరి నుంచి కొండ మీది కజాల్ ద లొయ్‌వుష్‌కు, సబ్రోజకు పోయే ఎక్కుళ్లు ఆ వైపువే. వాటిని పదిలోపు ముగించాలి. దక్షిణపు ఒడ్డున సావ్ జువావ్ ద పెష్కైర ఊరి ఎక్కుడుకు ఉదయం పూట కాస్త నీడ దొరుకుతుంది. అది వంద మీటర్లలోపు ఉన్న నది మట్టం నుంచి ఆరువందల మీటర్లు దాటే దాకా పోతుంది. పైన గాలి బాగుందని అక్కడే భోజనం చేసి ఒంటిగంటకు కిందికి దిగితే, దిగిన ప్రతి వంద మీటర్లకూ ఒక డిగ్రీ దాకా వేడి పెరుగుతుంది. ఐదువందల మీటర్లు దిగేసరికి నాలుగైదు డిగ్రీల తేడా.

నీళ్లు

రేగ్వ పట్నం నుంచి పిన్యావ్ దాకా దక్షిణపు ఒడ్డున నది వెంటే సాగే ఎన్-222 రోడ్డు 27 కిలోమీటర్లు. చదునుగా ఉంటుంది కాబట్టి తేలిగ్గా తీసుకుంటారు. రైలు పట్టాలు అవతలి ఒడ్డున కనిపిస్తూనే ఉంటాయి కానీ అందవు. ఒంట్లో బాగోక రైలెక్కాలంటే పిన్యావ్ వంతెన దాకా పోవాలి, లేదా రేగ్వకు వెనక్కి తిరగాలి. ఈ రోడ్డు ఎక్కేముందే రెండు 750 మి.లీ. సీసాలూ నింపుకోండి. గంటకు 600 నుంచి 800 మి.లీ. దాకా తాగాలి. ఒక సీసాలో లీటరుకు పావు టీస్పూను చొప్పున ఉప్పు కలపండి. చెమట ధారగా పోతున్నప్పుడు ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు వస్తాయి. దాన్నే దాహం అనుకుని ఇంకా తాగడం మరీ ప్రమాదం. ఊళ్లలో రాతి కొళాయిలు కనిపిస్తాయి. ‘నావ్ పుతావెల్’ అని పలక ఉంటే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, నెత్తిన పోసుకోవచ్చు.

తోటివారు మాట తడబడుతున్నా, అర్థంలేని మాటలు మాట్లాడుతున్నా, నేరుగా తొక్కలేకపోతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని ధైర్యపడొద్దు. నీడకు చేర్చి, హెల్మెట్, బూట్లు తీసేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటిమీద పోసి విసురుతూ 112కు ఫోన్ చెయ్యాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

బ్రేకులు

మనిషి, సైకిలు, సంచి కలిపి 85 కిలోలు అనుకుందాం. ఐదువందల మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 416 కిలోజౌళ్లు. లీటరుంబావు చన్నీళ్లు మరుగు పట్టడానికి అది చాలు. వేగంగా పోతే అందులో చాలా భాగం గాలి లాగేసుకుంటుంది. భయంతో బ్రేకు మీట వదలకుండా నెమ్మదిగా దిగితే మాత్రం దాదాపు అంతా రిమ్ములోకో డిస్కులోకో పోతుంది. అతిజాగ్రత్తే కొంప ముంచేది ఇక్కడే.

రిమ్ బ్రేకులైతే రిమ్ము కాలి, లోపలి ట్యూబు మీద వేసిన ప్యాచ్ జిగురు మెత్తబడి ఊడుతుంది. అందుకే దిగుడు రోజున ముందు చక్రంలో ప్యాచ్ వేసిన ట్యూబు వద్దు, లేటెక్స్ ట్యూబు అసలే వద్దు. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల పైపొర గాజులా నున్నబడి పట్టు పోతుంది. ఇంకా వేడెక్కితే లోపలి నూనె మరిగి మీట హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. కీచుమనే చప్పుడు, మాడు వాసన, మీట మామూలుకన్నా లోతుకు పోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగి పది నిమిషాలు చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద నీళ్లు పోస్తే వంకర తిరుగుతుంది. బయల్దేరే ముందు రోజు చక్రం విప్పి ప్యాడ్లు చూడండి. రాపిడి పొర 0.5 మి.మీ.కు వచ్చిందంటే పారెయ్యాల్సిందే. 1 మి.మీ. ఉన్నా ఈ యాత్రకు కొత్తవి వేసుకోవడమే మేలు.

బ్రేకు వేసే పద్ధతి ఇది: మలుపుకు ముందు, చక్రం నిటారుగా ఉండగా, రెండు బ్రేకులూ రెండు మూడు సెకన్లు గట్టిగా పట్టాలి. ఆ తర్వాత పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ కాసేపట్లోనే అవి చల్లారేది.

అద్దె సైకిల్ తీసుకుంటే ఒక్క నిమిషం ఆగి చూడండి: అక్కడ సాధారణంగా కుడిచేతి మీట వెనక చక్రానిది, ఎడమది ముందు చక్రానిది. అలవాటు అటూఇటూ అయితే గులకరాళ్ల మీద ముందు చక్రం బిగుసుకుపోతుంది. ప్రయాణం కూడా రోడ్డుకు కుడివైపున. ఎడమకు అలవాటుపడ్డవాళ్లు పొరపడేది ఖాళీ రోడ్డు మీద, కాఫీ తాగి తిరిగి బయల్దేరిన మొదటి నిమిషంలోనే.

కుడివైపు హెయిర్‌పిన్ మలుపు ఇక్కడ గడ్డుది. లోపలి అంచు మరీ ఏటవాలుగా ఉంటుంది, కొండ నుంచి రాలిన పలకరాతి పెళ్లలు అక్కడే పోగవుతాయి. వాటి అంచులు టైరు పక్కగోడను కోసేస్తాయి. మీ లేన్ మధ్యలో ఉండి, బయటి పెడల్ కిందికి తొక్కిపట్టి, చూపు మలుపు చివరన నిలపండి. మధ్యగీత దాటొద్దు. ఎదురుగా వచ్చే ట్రాక్టరు డ్రైవరు ఆ గీతను పట్టించుకుంటాడన్న నమ్మకం లేదు.

కోతల రోడ్డు

కూలీల వ్యాన్లు తెల్లవారకముందే తిరుగుతాయి. ట్రాక్టరు వెనకున్న ట్రెయిలరు మలుపులో లోపలికి కోసుకుంటూ వస్తుంది, దాని పక్కన ఇరుక్కోవద్దు. తొట్ల నుంచి కారిన రసం, నలిగిన పళ్లు తోట గేట్ల దగ్గర జిగటగా పరుచుకుంటాయి. తొలి చినుకులు పడితే సబ్బునీళ్లే. ఆ రసానికి కందిరీగలు మూగుతాయి కాబట్టి తోటల పక్కన నోరు మూసుకునే తొక్కండి. ఊళ్లలో రోడ్డు గ్రానైటు దిమ్మలతో పరిచి ఉంటుంది. తడిగా ఉంటే దాని మీద బ్రేకు గానీ వంపు గానీ వద్దు.

ఎన్-222లో రేగ్వ నుంచి పిన్యావ్ దాకా ఉన్న భాగాన్ని 2015లో అవిస్ కార్ల అద్దె సంస్థ ప్రపంచంలోనే ఉత్తమ డ్రైవింగ్ రోడ్డుగా ప్రకటించింది. శని, ఆదివారాల్లో మోటారు సైకిళ్ల మోత ఎందుకో దీంతో అర్థమవుతుంది. ఆ రోడ్డును వారం మధ్యలో పెట్టుకోండి. వాహనాలు సైకిల్‌కు మీటరున్నర ఎడం ఇవ్వాలన్నది 2014 నుంచి చట్టం. అయినా వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించి ఉంచండి.

ద్రాక్ష తోటల బంగళాల్లో రుచి చూపించే పోర్ట్ వైన్‌లో ఆల్కహాలు సుమారు 20 శాతం. లీటరు రక్తానికి 0.5 గ్రాముల హద్దు సైకిల్ తొక్కేవాళ్లకూ వర్తిస్తుంది. రుచి చూసి ఉమ్మే పాత్ర అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. లేదా సీసా కొని సాయంత్రానికి దాచుకోండి.

సైకిల్‌కు, సంచిలోకి

ముందు 50/34, వెనక 11-34 పళ్ల గేర్లు కనీసం. టైర్లు 28 మి.మీ.కు తగ్గొద్దు. 70 కిలోల మనిషికి ముందు 70, వెనక 75 పీఎస్ఐ గాలి సరిపోతుంది. సంచిలో కొత్త ట్యూబులు రెండు, కోసుకుపోయిన టైరు లోపల పెట్టే ముక్క ఒకటి, పంపు, చెయిన్ లింకు, మీ సైకిలుకు సరిపోయే గేరు హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). ఆఖరిది నది ఒడ్డు ఊళ్లలో దొరుకుతుందని ఆశపడొద్దు.

పోర్చుగల్ వాతావరణ సంస్థ ఇప్మా అడవి మంటల ప్రమాదాన్ని రోజూ ఐదు స్థాయుల్లో ప్రకటిస్తుంది. అయిదో స్థాయి ఉన్న రోజు కొండ మీది దారులు మానేయండి. దారిలో పొగ కనిపిస్తే ఫొటోల కోసం ఆగకుండా, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, మంటకూ ఆ గాలివాటానికీ దూరంగా వచ్చిన దారినే వెనక్కి తిరగండి.