ఆల్ఫ్రెడ్ సోవీ జీవితాన్ని తెలుగులో రాయడం ఎలా: విశాఖ విద్యార్థుల కోసం

ఫ్రెంచి ఆర్థికవేత్త, జనాభా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ సోవీ జీవితం రాయడానికి కూర్చునే ముందు ఒక ఠావు కాగితం తీసుకుని, దాన్ని మూడు నిలువు వరుసలుగా గీసుకోండి. మొదటి వరుసలో సంవత్సరం, రెండో వరుసలో అప్పటికి ఆయనకు నిండిన వయసు, మూడో వరుసలో అదే కాలంలో మన దగ్గర జరిగిన ఒక సంగతి వేయండి. జనాభా శాస్త్రం సంవత్సరాన్నీ వయసునూ ఎప్పుడూ జంటగానే చూస్తుంది కనుక, ఆ శాస్త్రానికి జీవితం ధారపోసిన మనిషిని కూడా అదే కంటితో చూడడం న్యాయమని నా అభిప్రాయం. పదవుల జాబితా ఎంత పొడవుగా రాసినా చెప్పలేని విషయాలను ఈ మూడు వరుసలు చెబుతాయి.

పేరుతో మొదలుపెట్టండి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘సావీ’ అని రాసేవారున్నారు. ఫ్రెంచి ఉచ్చారణకు దగ్గరగా ఉండేది ‘సోవీ’. సందేహం వస్తే యానాంలో ఫ్రెంచి బడిలో చదువుకున్న పెద్దలెవరైనా ఎరుకలో ఉన్నారేమో చూడండి. ఒక్కసారి వారి నోట వింటే చాలు.

ఆయన 1898 అక్టోబరు 31న, స్పెయిను సరిహద్దుకు దగ్గరలో ఉన్న తూర్పు పిరనీస్ ప్రాంతంలోని విల్‌నవ్ ద లా రావో అనే ఊళ్లో పుట్టారు. అక్టోబరు ఆఖరి రోజున పుట్టినవాడి వయసు లెక్కించేటప్పుడు తొందరపడకూడదు. 1926 ఏప్రిల్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది కదా, ఆనాటికి సోవీకి 28 కాదు, 27 మాత్రమే నిండాయి. 1933 అక్టోబరు మొదట్లో విశాఖ రేవును ప్రారంభించేనాటికి 34 నిండి, 35 నిండడానికి ఇంకా కొద్ది వారాలుంది. ఇలాంటి చోట పొరపాటు పడితే, అంకెల మనిషి గురించి రాసిన వ్యాసంలోనే అంకె తప్పుతుంది.

ఇప్పుడు మొదటి ప్రపంచయుద్ధం దగ్గర ఆగండి. నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది. యుద్ధం మొదలయ్యేనాటికి ఆయనకు 15 నిండాయి, ముగిసేనాటికి 20 నిండి పదకొండు రోజులు. ఫ్రాన్సు ఆ యుద్ధంలో 13 లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకుంది. వారిలో అధికభాగం సోవీ ఈడువాళ్లూ, ఆయనకన్నా కొద్ది ఏళ్లు పెద్దవాళ్లూను. భర్తలు ముందు వరుసలో ఉండడంతో 1915 నుంచి 1919 వరకు జననాలు బాగా పడిపోయాయి. దీన్ని మాటల్లో చెప్పి వదిలేయకుండా, గ్రాఫు కాగితం మీద 1946 జనవరి నాటి ఫ్రాన్సు వయసు పిరమిడ్‌ను, అంటే ఒక్కో వయసులో ఎందరు మగవాళ్లు, ఎందరు ఆడవాళ్లు ఉన్నారో కింది నుంచి పైకి చెరోవైపు చూపే బొమ్మను, స్థూలంగానైనా గీసి చూడండి. 26 నుంచి 30 ఏళ్ల దగ్గర రెండు వైపులా లోపలికి నొక్కుకుపోయిన గంటు కనబడుతుంది. కిందికి దిగితే 6 నుంచి 10 ఏళ్ల దగ్గర మరో గంటు ఉంటుంది. పుట్టకుండా పోయిన బిడ్డలకు బిడ్డలు ఎక్కడి నుంచి వస్తారు? తల్లిదండ్రులు కావలసిన తరమే పలచబడడం, ఉన్నవారు కూడా తక్కువమందిని కనడం కలిసి, 1935 నుంచి యుద్ధం దాకా ఫ్రాన్సులో మరణాలు జననాలను మించాయి. సోవీ జననాలు పెరగాలని ఎందుకంత పట్టుబట్టారో ఈ బొమ్మ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉద్యోగపర్వాన్ని క్లుప్తంగా దాటవచ్చు. ఎకోల్ పొలిటెక్నిక్ అనే పేరున్న ఇంజనీరింగు విద్యాలయంలో చదివి, 1922లో ఫ్రాన్సు ప్రభుత్వ గణాంక శాఖలో చేరారు. అయితే 1938ని దాటవేయకండి. 1936లో వచ్చిన వారానికి 40 గంటల పని చట్టం ఉత్పత్తిని అడ్డుకుంటోందని ఆయన వాదించారు; ఆర్థికమంత్రి పోల్ రెనోకు సలహాదారుగా, ఆ చట్టాన్ని సడలించిన ఉత్తర్వుల వెనుక ఉన్నారు. దానికి నిరసనగా కార్మికులు ఆ ఏడాది నవంబరు 30న సార్వత్రిక సమ్మె చేశారు. రేవు, ఉక్కు కర్మాగారం, కార్మిక సంఘాలు ఉన్న మన ఊరి పాఠకుడు ఇక్కడ తప్పకుండా ప్రశ్న వేస్తాడు కనుక, ఇరువైపుల వాదనా రాసి తీరాలి.

1945లో ఫ్రాన్సులో జాతీయ జనాభా అధ్యయన సంస్థ ఏర్పడింది. 46 ఏళ్ల సోవీ దానికి తొలి సంచాలకుడై, 1962 వరకు నడిపారు. ఆ సంస్థ పత్రిక 1946లో మొదలైంది.

1952 దగ్గర మళ్లీ నిదానించండి. ఆ ఏడాది ఆగస్టు 14న ‘లోబ్సెర్వాతర్’ వారపత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ‘తియేర్ మోంద్’ అనే మాట వాడారు. మనం దాన్ని ‘మూడో ప్రపంచం’ అంటున్నాం గాని, తెలుగులో ఆ మాట పరీక్షలో మూడో స్థానంలా ధ్వనిస్తుంది. ఆయన మనసులో ఉన్నది ర్యాంకు కాదు. ఫ్రెంచి విప్లవానికి ముందు మతాధికారులు, ప్రభువులు పోగా మిగిలిన సామాన్యజనాన్ని ‘తియేర్ ఎతా’, అంటే మూడో వర్గం అనేవారు. ఎవరూ పట్టించుకోని, అందరూ దోచుకున్న ఆ జనంలాగే, అమెరికా కూటమికీ సోవియట్ కూటమికీ చెందని వెనుకబడిన దేశాలూ తమకొక స్థానం కోరుతున్నాయని ఆయన అన్నారు. మాటను అనువదించి ఊరుకోకుండా ఈ పోలికను విప్పి చెప్పండి. మూడో వరుసలో ఆ ఏటికి ఏం వేయాలో తెలుగువారికి వెతుక్కోనక్కరలేదు: డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం. భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం చేపట్టినదీ ఆ ఏడాదే. తన దేశంలో జననాలు పెరగాలన్న మనిషిని, జననాలు తగ్గాలన్న దేశంలో కూర్చుని రాస్తున్నామని అప్పుడు తెలిసివస్తుంది. ఎక్కువ జనాభా ఎల్లప్పుడూ మంచిదని ఆయన అనలేదు. ఒక సమాజం పెట్టుకున్న లక్ష్యానికి తగిన జనాభా ఎంత అన్నదే ఆయన ప్రశ్న.

యంత్రాలు, ఉద్యోగాల గురించి ఆయన చెప్పిన సిద్ధాంతాన్ని మన ఊరి ఉదాహరణతో చెప్పడం మేలు. ఒక రంగంలో యంత్రం మిగిల్చిన శ్రమ మరో రంగంలోకి ఒలికి చేరుతుందని ఆయన భావన. చేపలరేవుకు వెళ్లి మరబోటు దగ్గర కాసేపు నిలబడండి. తెప్ప మీద వెళ్లినప్పుడు అక్కరలేని ఇంజను మెకానిక్కు, డీజిలు పోసేవాడు, ఐసు దంచి పెట్టెల్లో నింపేవాడు అక్కడ కనిపిస్తారు. అయితే తెప్ప వదిలినవాడికే ఆ పని దొరికిందా అని కూడా అడిగి రాసుకోండి. సిద్ధాంతానికి అసలు పరీక్ష అదే.

ఆధారాల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలోనూ, అక్కడి జనాభా పరిశోధన కేంద్రంలోనూ, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ అడగండి. ఆయన ప్రధాన గ్రంథం ‘జనాభా సామాన్య సిద్ధాంతం’ ఇంగ్లీషు అనువాదం 1969లో వచ్చింది. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆయన ఆచార్యత్వం ముగిసిందీ ఆ ఏడే.

చివరి గడిలో 1990 అక్టోబరు 30 వేయండి. పక్కన వయసు 92 అని వేయబోతారు, ఆగండి. పుట్టినరోజుకు ఇంకా ఒక రోజు ఉంది. 91 అని వేయండి.